ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కు ఆఫ్‌లైన్ రెండో కాపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాకప్ ఉన్నవాళ్లు కూడా ఫైళ్లు పోగొట్టుకుంటున్నారు. చాలాసార్లు కారణం ఒక్కటే: అసలు ఫైళ్లను పాడుచేసిన ఆపద బ్యాకప్‌ను కూడా చేరుకోగలిగింది. ఆ దారిని మూసేయడానికే ఆఫ్‌లైన్ కాపీ, అంటే కంప్యూటర్ నుంచి, నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడదీసి దాచే కాపీ. దీని గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల జవాబులన్నీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

రోజూ దానంతట అదే బ్యాకప్ అవుతోంది. మళ్లీ ఇంకొకటి ఎందుకు?

రోజూ బ్యాకప్ జరగాలంటే ఆ డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉండాలి, లేదా నెట్‌వర్క్‌లో అందుబాటులో ఉండాలి. ఆ సౌకర్యమే దాని బలహీనత. కంప్యూటర్ రాయగలిగిన ప్రతి చోటా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బు అడిగే వైరస్) కూడా రాయగలదు. 2017 మే నెలలో వ్యాపించిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోని ఫైళ్లతో ఆగలేదు. తగిలించి ఉన్న డిస్కుల్లోకీ వెళ్లింది, విండోస్ తనలో దాచుకునే పాత ప్రతులనూ చెరిపేసింది. వైరస్ ఒక్కటే కాదు. పొరపాటున ఒక ఫోల్డర్‌ను చెరిపేసినా, కరెంటు ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసినా, బ్యాకప్ ప్రోగ్రాంలోనే లోపం ఉన్నా, తగిలించి ఉన్న కాపీకి రక్షణ లేదు. రోజువారీ బ్యాకప్‌ను ఆపమని చెప్పడం లేదు, అది ఉండాల్సిందే. దాని చేతికి అందని కాపీ ఇంకొకటి కూడా ఉండాలి.

నావన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి. అది చాలదా?

ముందు మీది ఏ రకమో చూసుకోండి. వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటివి ప్రధానంగా సింక్ సేవలు. ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా చెరుగుతుంది, ఇక్కడ పాడైతే పాడైన ప్రతే పైకి వెళ్తుంది. పాత ప్రతులను కొన్నాళ్లు దాచి ఉంచుతారు కానీ, ఆ గడువు దాటాక గమనిస్తే చేయగలిగింది లేదు. అకౌంటు పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనైనా పడినా, అకౌంటే మూతపడినా పరిస్థితి అదే.

పెద్ద సంస్థలు సైతం ఆఫ్‌లైన్ కాపీ మీద ఆధారపడ్డాయి. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవారిలో దాదాపు 0.02 శాతం మందికి ఉత్తరాలు మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న ప్రతులన్నింటికీ ఆ లోపం ఒకేసారి పాకింది. చివరికి గూగుల్ ఆ ఉత్తరాలను ఆఫ్‌లైన్‌లో ఉంచిన టేపుల నుంచి తిరిగి తెచ్చింది.

ఆఫ్‌లైన్ అంటే కచ్చితంగా ఏమిటి? ఇంటర్నెట్ ఆపేస్తే సరిపోతుందా?

సరిపోదు. డేటా కేబుల్ లేదు, కరెంటు లేదు, వైఫై లేదు: ఈ మూడూ నిజమైతేనే అది ఆఫ్‌లైన్. తెర మీద ఎజెక్ట్ నొక్కి కేబుల్‌ను అలాగే వదిలేసిన డిస్కు ఆఫ్‌లైన్ కాదు, కంప్యూటర్ రీస్టార్ట్ అయితే అది మళ్లీ కనిపిస్తుంది. రౌటర్‌కు తగిలించి ఇల్లంతా వాడుకునే నెట్‌వర్క్ డిస్కు కూడా కాదు. 2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే నెట్‌వర్క్ డిస్కులు వాడుతున్న చాలామంది ఒక ఉదయం చూసేసరికి అవి ఖాళీగా ఉన్నాయి. భద్రతా లోపాన్ని వాడుకొని ఎవరో దూరం నుంచే వాటిని ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. ఇంటర్నెట్ నుంచి వెంటనే వేరుచేయండని తయారీ సంస్థ వెస్టర్న్ డిజిటల్ అప్పుడు ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందే వేరుగా ఉన్న డిస్కులకు ఏమీ కాలేదు.

3-2-1 సూత్రం అంటున్నారు. అదేమిటి?

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. డేటా మొత్తం మూడు ప్రతులుగా ఉండాలి (అసలుది కూడా లెక్కలోకే వస్తుంది), అవి రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటికి బయట ఉండాలి. ఇందులో ఆఫ్‌లైన్ అన్న మాట లేదు కాబట్టి, బయట ఉండే ఆ ప్రతిని ఆఫ్‌లైన్ డిస్కుగా పెట్టుకుంటే రెండు పనులూ ఒకేసారి తీరతాయి.

ఏమేం కాపీ చేయాలి? కంప్యూటర్ మొత్తమా?

మళ్లీ సంపాదించలేనివి ముందు: ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన పత్రాలు, సొంత రాతలు, లెక్కలు, కంప్యూటర్‌లోనే ఉండే పాత ఉత్తరాలు. ప్రోగ్రాంలను మళ్లీ దింపుకోవచ్చు. మొత్తం డిస్కు ఇమేజ్ (ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాంలతో సహా డిస్కంతటికీ నకలు) తీస్తే కంప్యూటర్ పాడైనప్పుడు త్వరగా నిలబడతారు కానీ, అది రెండో ప్రాధాన్యం.

ఎక్కువ మంది మరిచిపోయేవి పాస్‌వర్డ్ మేనేజర్‌లోని సమాచారం, రెండంచెల లాగిన్‌కు ఇచ్చే రికవరీ కోడ్‌లు, ఫోనులో మాత్రమే ఉన్న ఫొటోలు. ఇంకొక చోట ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. స్థలం మిగల్చడానికి వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ వంటివి ఫైలు పేరును మాత్రమే కంప్యూటర్‌లో చూపించి, అసలు ఫైలును పైనే ఉంచుతాయి. ఫోల్డర్ నిండుగా కనిపిస్తుంది, కాపీలోకి మాత్రం ఫైలు రాకపోవచ్చు. కాపీ తీసే ముందు ఆ ఫోల్డర్లను ఎప్పుడూ కంప్యూటర్‌లోనే ఉంచేలా సెట్టింగ్ మార్చి, ఫైళ్లన్నీ దిగే వరకు ఆగండి.

## డిస్కు ఎంచుకునేటప్పుడు

హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా, పెన్ డ్రైవా?

తీసి పక్కన పెట్టే కాపీకి మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కే మేలని మా అభిప్రాయం. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద రాసే డిస్కు) వేగంగా ఉంటుంది, కింద పడినా తట్టుకుంటుంది. కానీ అది సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో పట్టి ఉంచుతుంది. కరెంటు లేకుండా ఎక్కువకాలం ఉంచితే, ముఖ్యంగా వేడిలో, ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. గృహ వినియోగ ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ అనే చిప్ పరిశ్రమ సంస్థ ప్రమాణం అడిగేది కూడా పరిమితమే: రాతల పరిమితి పూర్తిగా వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక సంవత్సరం. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకన్నా బాగా ఎక్కువే నిలుపుతుంది. అయినా ఏళ్ల తరబడి పెట్టి మరిచిపోయే వస్తువు అది కాదు.

పెన్ డ్రైవులు, మెమరీ కార్డులు ఫైళ్లు మోసుకెళ్లడానికే. వాటిని ఏకైక ఆఫ్‌లైన్ కాపీగా నమ్మకండి. కొద్దిపాటి పత్రాలే అయితే ఒకసారి మాత్రమే రాయగలిగే డిస్క్ మంచి మార్గం. డీవీడీలో 4.7 జీబీ, ఒక పొర బ్లూ-రేలో 25 జీబీ పడతాయి. రాశాక ఏ వైరసూ దాన్ని మార్చలేదు, అది చిన్న సుగుణం కాదు.

ఎంత సైజు డిస్కు కావాలి?

ఇప్పుడున్న డేటాకు కనీసం రెట్టింపు. పాత ప్రతులకు చోటు కావాలి, డేటా పెరుగుతూనే ఉంటుంది.

ఒక డిస్కు చాలదా? రెండు ఎందుకంటారు?

కాపీ తీయడానికి తగిలించిన క్షణం నుంచి మీ ఆఫ్‌లైన్ డిస్కు ఆన్‌లైన్ అవుతుంది. సరిగ్గా ఆ గంటలోనే ఏదైనా జరిగితే? డిస్కులు రెండు ఉంటే ఒకటి తగిలించినప్పుడు రెండోది కచ్చితంగా బయటే ఉంటుంది. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. మార్చి మార్చి వాడండి. రెండూ ఒకేసారి దాచిన చోటు నుంచి రాకూడదన్నది ఒక్కటే నియమం.

వేరుగా ఉన్న ఒక్క ప్రతి విలువ ఎంతో చెప్పడానికి 2017 జూన్ నాటి నాట్‌పెట్యా వైరస్ దాడిని గుర్తుచేయాలి. షిప్పింగ్ సంస్థ మెర్స్క్ నెట్‌వర్క్‌కు ఆయువుపట్టు లాంటి డొమైన్ కంట్రోలర్ సర్వర్లు దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అవి ఒకదానికొకటి కాపీలే, కానీ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఘానాలోని ఒక్క సర్వర్ మాత్రం అప్పటికి కరెంటు పోయి నెట్‌వర్క్‌కు దూరంగా ఉండటం వల్ల మిగిలింది. దాని నుంచే మిగతావి మళ్లీ నిలబెట్టుకున్నారు. అక్కడ అదృష్టం చేసిన పనిని మీరు రెండో డిస్కుతో ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. రెండు డిస్కులనూ వేర్వేరు తయారీదారులవి, లేదా వేర్వేరు సమయాల్లో కొన్నవి తీసుకుంటే ఒకే లోపం రెండింటిలో ఉండే అవకాశం తగ్గుతుంది.

కొత్త డిస్కును తెచ్చిన వెంటనే వాడవచ్చా?

ముందు పరీక్షించండి. లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు చూపించే నకిలీ డ్రైవులు తిరుగుతున్నాయి. నిండే వరకు అంతా సవ్యంగానే కనిపించి, ఆ తర్వాత రాసిందంతా పోతుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత సాధనాలు డిస్కు మొత్తాన్ని నింపి, తిరిగి చదివి చూస్తాయి. పెద్ద డిస్కుకు ఒక రోజైనా పడుతుంది. అసలైన డిస్కు అయినా మొదటి నుంచీ బలహీనంగా ఉంటే ఆ పరీక్షలోనే బయటపడుతుంది.

ఏ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేయాలి?

ఆపదలో ఏ కంప్యూటర్‌కు తగిలిస్తారో దానికి తగినట్టు: విండోస్‌కు ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్‌కు ఏపీఎఫ్ఎస్, లినక్స్‌కు ఎక్స్‌ట్4. ఎక్స్‌ఫ్యాట్‌ను అన్నీ చదవగలవు కానీ దానికి జర్నలింగ్ (చేయబోయే మార్పును ముందే నమోదు చేసుకునే ఏర్పాటు) లేదు, రాస్తుండగా కేబుల్ ఊడితే దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఫ్యాట్32 వద్దు, అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు.

ఎన్‌క్రిప్ట్ చేయాలా? కీ పోతే నాకే ఫైళ్లు దక్కవు కదా?

ఎన్‌క్రిప్ట్ అంటే కీ లేనివారు చదవలేకుండా ఫైళ్లకు తాళం వేయడం. ఆ భయం న్యాయమైనదే. అయినా చేయండి. ఈ డిస్కు ఇల్లు దాటుతుంది, ఇంకొకరి అలమరలో ఉంటుంది. అందులో మీ జీవితమంతా ఉంది. విండోస్‌లోని బిట్‌లాకర్, మ్యాక్‌లోని ఎన్‌క్రిప్టెడ్ ఏపీఎఫ్ఎస్, లినక్స్‌లోని లక్స్, ఎక్కడైనా పనిచేసే వెరాక్రిప్ట్, వీటిలో ఏదైనా సరే. జాగ్రత్త అంతా కీ విషయంలోనే. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని, లేదా మీ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, డిస్కు ఉన్న చోట కాకుండా వేరే రెండు చోట్ల ఉంచండి. పాడైపోయిన కంప్యూటర్‌లో మాత్రమే కీ ఉంటే అది లేనట్టే.

## కాపీ తీసేటప్పుడు

మొదటి బ్యాకప్‌నే కాపీ చేసుకోవాలా, లేక అసలు ఫైళ్ల నుంచి మళ్లీ తీయాలా?

అసలు ఫైళ్ల నుంచే తీయండి. మొదటి బ్యాకప్‌లో ఒక ఫైలు పాడై ఉంటే, దాని కాపీలోనూ అది పాడైపోయే ఉంటుంది. ఒక ఫోల్డర్‌ను చేర్చడం మరిచిపోయి ఉంటే ఆ మరుపు కూడా కాపీ అవుతుంది. వీలైతే రెండింటికీ వేర్వేరు ప్రోగ్రాంలు వాడండి. రోజువారీ బ్యాకప్‌ను టైమ్ మెషీన్‌కో, రెస్టిక్‌కో, బోర్గ్‌కో అప్పగించారనుకుందాం. అలాంటప్పుడు ఆఫ్‌లైన్ డిస్కు మీద ఫైళ్లను మామూలు ఫోల్డర్లుగానే ఉంచడం బాగుంటుంది. ఏ కంప్యూటర్‌కు తగిలించినా, ఏ ప్రోగ్రామూ లేకుండానే తెరుచుకుంటాయి.

పాత ప్రతుల చరిత్ర మొత్తం కావాలనుకునేవారికి మాత్రం మొదటి బ్యాకప్ కాపీయే మార్గం. అప్పుడు ముందు దాని ఆరోగ్యాన్ని ఆ ప్రోగ్రాం సొంత తనిఖీతో చూసుకొని, ఆ తర్వాతే కాపీ చేయాలి.

ఎంతకోసారి తీయాలి?

ఎన్ని రోజుల పని పోయినా తట్టుకోగలరో అన్ని రోజులకోసారి. చాలా ఇళ్లకు నెలకోసారి చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే ముందు, కంప్యూటర్‌ను రిపేరుకు ఇచ్చే ముందు, ఫొటోలన్నీ తిరగేసి సర్దే ముందు మాత్రం తప్పకుండా ఒకటి తీయండి.

మిర్రర్ పెడితే సులువుగా ఉంది. అందులో తప్పేముంది?

మిర్రర్ అంటే రెండు వైపులా ఒకేలా చేయడం. ఇక్కడ లేని ఫైలును అది అక్కడా చెరిపేస్తుంది. మూడు నెలల క్రితం తెలియక చెరిపిన ఫోల్డర్ మీ ఆఫ్‌లైన్ డిస్కులో ఇంకా బతికే ఉంటుంది, మీరు మిర్రర్ నడిపే వరకు. ఆ ఒక్క నొక్కుతో దాని చివరి ప్రతి కూడా పోతుంది. ఆఫ్‌లైన్ కాపీ ఉండి కూడా ఫైళ్లు పోయే దారుల్లో ఇదే అన్నిటికన్నా బాధాకరమైనది, ఎందుకంటే చెరిపేది మన చేయే.

అందుకని ప్రతిసారీ తేదీ పేరుతో కొత్త ప్రతి తీసే పద్ధతి ఎంచుకోండి. ఆర్‌సింక్ వంటి సాధనాలు మారని ఫైళ్లను మళ్లీ రాయకుండా హార్డ్ లింకులతో (ఒకే ఫైలుకు రెండో పేరు పెట్టి) చూపిస్తాయి కాబట్టి చోటు పెద్దగా పట్టదు. మిర్రరే వాడతానంటే, నిజంగా నడిపే ముందు ఏమేం మారబోతోందో చూపించే ప్రివ్యూ తప్పక చూడండి. ఎప్పుడూ కొన్ని వందల ఫైళ్లు మారే చోట వేలకు వేలు మారినట్టు, చెరిగినట్టు కనిపిస్తే అక్కడే ఆగండి. రాన్సమ్‌వేర్ పని మొదలుపెట్టిందనడానికి కంటికి కనిపించే మొదటి గుర్తు అదే కావచ్చు.

తగిలించిన ఆ కాసేపట్లోనే వైరస్ ఉంటే?

ఆ సమయాన్ని తగ్గించడమే ఉపాయం. తగిలించే ముందు నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, అవి సవ్యంగా తెరుచుకోవాలి. యాంటీవైరస్ స్కాన్ పూర్తి చేయండి. కాపీ నడుస్తున్నంతసేపు వైఫై ఆపండి, బ్రౌజర్, ఉత్తరాలు తెరవకండి. పూర్తయిన వెంటనే తీసేయండి. రాత్రికి పెట్టి పొద్దున తీద్దాం అనే అలవాటు వద్దు. ఇంకా జాగ్రత్త కావాలంటే పెన్ డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) కంప్యూటర్‌ను బూట్ చేసి కాపీ తీయవచ్చు. అప్పుడు విండోస్‌లో దాగి ఉన్నది ఏదీ నడవదు.

గంటల తరబడి పడుతోంది. ఏమైనా తప్పు చేస్తున్నానా?

సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీ రాయడానికి దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది, అది సహజమే. అంతకన్నా బాగా నెమ్మదిగా ఉంటే ముందు పోర్టు, కేబుల్ చూడండి. యూఎస్‌బీ 2.0 అయితే వేగం సెకనుకు 30 నుంచి 40 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. లక్షల సంఖ్యలో చిన్న ఫైళ్లున్నా ఆలస్యమే. కొన్ని డిస్కుల్లో ట్రాక్‌లను ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చేలా రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంటుంది. అవి మొదట్లో బాగానే పరుగెత్తి తర్వాత చతికిలపడతాయి. అది లోపం కాదు.

## తీసి దాచేటప్పుడు

కాపీ అయిపోయింది. కేబుల్ లాగేయవచ్చా?

ముందు ఎజెక్ట్ నొక్కండి. కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండవచ్చు. హార్డ్ డిస్కు తిరగడం పూర్తిగా ఆగాక కేబుల్ తీసి, అప్పుడే కదపండి. పెట్టె మీద తేదీ రాయండి.

డిస్కును ఎక్కడ ఉంచాలి?

కంప్యూటర్ పక్క సొరుగులో పెడితే వైరస్ నుంచి కాపాడుకున్నట్టే, దొంగ నుంచి, నిప్పు నుంచి, నీటి నుంచి కాదు. రెండు డిస్కుల్లో ఒకటైనా వేరే కప్పు కింద ఉండాలి: దగ్గరి బంధువుల ఇంట్లో, బ్యాంకు లాకర్‌లో, మీ కార్యాలయం సొరుగులో. తేమ లేని, ఎండ పడని చోటు చూడండి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెడితే మంచిది. నిప్పును తట్టుకునే పెట్టె కొంటే అది దేనికోసం చేసినదో చదవండి. కాగితాల కోసం చేసిన పెట్టె లోపల దాదాపు 177 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కవచ్చు. కాగితం దాన్ని తట్టుకుంటుంది, డిస్కు తట్టుకోదు.

ఇలా పెట్టిన డిస్కు ఎన్నేళ్లు ఉంటుంది?

ఎవరూ హామీ ఇవ్వలేరు. ఐదేళ్లు దాటిన డిస్కును ప్రధాన కాపీగా ఉంచుకోకపోవడం మంచి అలవాటు. వాడకపోయినా కొన్ని నెలలకోసారి తగిలించి తిరగనివ్వండి. డిస్కు బాగున్నా దాన్ని చదివే ప్రోగ్రాం దొరకని రోజు రావచ్చు కాబట్టి, బ్యాకప్ ప్రోగ్రాం ఇన్‌స్టాలర్‌ను కూడా అదే డిస్కులో, ఎన్‌క్రిప్ట్ చేయని చిన్న భాగంలో ఉంచండి.

## సరిగ్గా ఉందో లేదో చూసేటప్పుడు

బ్యాకప్ విజయవంతం అని వచ్చింది. ఇంకా చూడాల్సింది ఉందా?

ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపారు. బ్యాకప్ కోసం పెట్టుకున్న ఏర్పాట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. తీరా చూస్తే అవసరానికి అక్కరకు రాలేదు. రోజువారీ బ్యాకప్ విఫలమవుతోందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అంతకు సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఈ వివరాలను ఆ సంస్థే దాచకుండా ప్రకటించింది.

కాబట్టి తిరిగి తెచ్చుకొని చూడాలి. ఆరు నెలలకోసారి డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, కాగితం మీది కీతోనే తెరవండి. ఒక పాత ఫొటో, ఒక కొత్త పత్రం, ఒక పెద్ద వీడియో బయటికి కాపీ చేసి తెరవండి. కీ సరైనదేనా, ప్రోగ్రాం ఉందా, ఫైలు సంపూర్ణంగా ఉందా అన్నవి అక్కడే తేలతాయి.

వేల ఫైళ్లున్నాయి. అన్నీ తెరిచి చూడలేను కదా?

ఆ పని చెక్‌సమ్‌లకు (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే, వేలిముద్ర లాంటి విలువలకు) వదిలేయండి. కాపీ తీసిన రోజున ప్రతి ఫైలుకు షా-256 విలువ లెక్కించి జాబితాగా దాచుకుంటే, తర్వాత ఎప్పుడైనా మళ్లీ లెక్కించి పోల్చవచ్చు. ఒక్క బిట్ మారినా విలువ మారిపోతుంది. రెస్టిక్, బోర్గ్ వాడేవారికి జాబితా అక్కర్లేదు, మొత్తం డేటాను చదివి చూసే తనిఖీ వాటిలోనే ఉంది. మామూలు తనిఖీ మాత్రం పైపైనే చూస్తుంది, పూర్తిగా చదివేదాన్ని ప్రత్యేకంగా అడగాలి.

## ఆపద వచ్చినప్పుడు

కంప్యూటర్‌లో రాన్సమ్‌వేర్ పడింది. వెంటనే ఆఫ్‌లైన్ డిస్కు తగిలించనా?

వద్దు. ఎంత కంగారుగా ఉన్నా వద్దు. ఆ కంప్యూటర్‌కు తగిలిస్తే మిగిలిన ఆ ఒక్క కాపీ కూడా పోతుంది.

మొదట కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి వేరుచేయండి. ఇన్‌స్టాల్ చేయడానికి కావాల్సిన పెన్ డ్రైవ్‌ను వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో తయారు చేసుకోండి. పాడైన కంప్యూటర్ డిస్కును పూర్తిగా చెరిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి వేసి, అప్‌డేట్‌లన్నీ పెట్టండి. లాక్ అయిన ఫైళ్లను విప్పే సాధనం తర్వాత దొరికే అవకాశం ఉంది కాబట్టి, అవి ముఖ్యమైతే ఆ డిస్కును చెరపకుండా పక్కన పెట్టి కొత్తది వేసుకోవచ్చు. ఇంతా అయ్యాక ఆఫ్‌లైన్ డిస్కును ముందు ఆ శుభ్రమైన రెండో కంప్యూటర్‌కు తగిలించి, స్కాన్ చేసి, ఇంకొక డిస్కు మీదికి నకలు తీయండి. పునరుద్ధరణ ఆ నకలు నుంచి చేయండి. ప్రోగ్రాంలను బ్యాకప్ నుంచి తేకండి, పత్రాలు, ఫొటోలు మాత్రమే తెచ్చుకోండి.

డిస్కు నుంచి టకటకమని శబ్దం వస్తోంది. ఏం చేయాలి?

వెంటనే కరెంటు తీసేయండి. మళ్లీ మళ్లీ తగిలించి చూడటం వల్ల లోపలి పళ్లెం గీసుకుపోవచ్చు. అసలు ఫైళ్లు, ఇంకొక కాపీ భద్రంగా ఉంటే దాని గురించి బెంగ వద్దు, కొత్త డిస్కు మీద ఈ రోజే మరొక కాపీ తీయండి. అదే చివరి ప్రతి అయితే మాత్రం డేటా రికవరీ నిపుణులకే ఇవ్వండి, ఇంట్లో విప్పకండి.

నేను అందుబాటులో లేకపోతే ఇంట్లో వాళ్లు దీన్ని తెరవగలరా?

మీరు రాసి పెడితేనే. డిస్కు ఎక్కడుంది, కీ ఎక్కడుంది, ఏ ప్రోగ్రాంతో తెరవాలి, అందులో ఏముంది అన్నవి ఒక పేజీలో మామూలు భాషలో రాయండి. తర్వాత ఆ కాగితం ఇంట్లో ఒకరి చేతికిచ్చి, మీరు పక్కన కూర్చొని ఒక్క మాట కూడా చెప్పకుండా వాళ్లతోనే ఒక ఫొటో తెరిపించండి. ఎక్కడ ఆగిపోతే ఆ వాక్యాన్ని మార్చి రాయండి.

కొత్త డిస్కు వచ్చింది. పాతదాన్ని ఇచ్చేయవచ్చా?

హార్డ్ డిస్కు అయితే మొత్తం ఒకసారి సున్నాలతో నింపితే సరిపోతుంది. త్వరగా అయిపోయే క్విక్ ఫార్మాట్ చాలదు, అందులో ఫైళ్లు అలాగే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సాధనం వాడండి. పనిచేయని డిస్కును సున్నాలతో నింపలేరు కాబట్టి, ఎన్‌క్రిప్ట్ చేయనిది అయితే లోపలి పళ్లేలకు రంధ్రాలు పడేలా డ్రిల్ చేసి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే వారికి ఇవ్వండి. ఇవన్నీ కొత్త డిస్కు నుంచి కొన్ని ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే.